నాలుగు పాళ్లు పిల్లి, మూడు పాళ్లు ముంగిస, మూడు పాళ్లు ఓబులేసు

జిల్లెళ్లదొడ్డిలో కోడి పోతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లు. ఆ తిట్లు పిల్లికి తగిలేవో పక్కింటివాళ్లకు తగిలేవో ఎవరూ విచారించేవాళ్లు కాదు. పొద్దుగూకేసరికి మిగిలిన కోళ్లను గంప కింద కమ్మి, గంప మీద రాయి పెట్టి, అన్నాలు తిని పడుకునేవాళ్లు. ఇట్లా ఎన్ని తరాల కోళ్లు కారణం తెలియకుండా కాలం చేశాయో చెప్పలేం.

పైనున్నవాళ్లకు ఇది మింగుడు పడలేదు. నాటుకోడి అసలు దేనివల్ల చస్తుందో ఇంతవరకూ ఎవరికీ తెలియదని ఏదో సభలో ఒక పెద్దమనిషి వాపోయాడు. తెలుసుకోవలసిందేనని పక్కనున్న పెద్దమనిషి బల్ల గుద్దాడు. దాంతో ఆయుర్దాయ అంచనా కేంద్రం పుట్టింది. దానికో మేడ, మేడకో జీపు, జీపుకో అధికారి ఏర్పడ్డారు. ఆ అధికారి పరాంకుశం గారు. మనిషి మంచివాడే. కోళ్ల చావు తప్ప వేరే ధ్యాస లేనివాడు.

ఆయన ఒకరోజు జీపు నిండా కోళ్లతో ఊళ్లోకి వచ్చి, ఇంటికొక పెట్టను ఉచితంగా పంచారు. ప్రతిదాని కాలికీ ఒక రేకు కడియం, కడియం మీద అంకె. మాలకొండయ్యకు ఎర్ర పెట్ట వచ్చింది. మాలకొండయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పెట్టను చంకలో పెట్టుకుని, దాని బరువు చూసుకుని, బాగుందన్నట్టు తలాడించాడు. అతని చెల్లెలు చెంచులక్ష్మిని గోడవతల ఇంటికే ఇచ్చారు. పెళ్లప్పుడు అప్పగింతల్లో ఏడవడానికి కూడా దూరం చాల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె మొగుడు ఓబులేసుకు తెల్ల పెట్ట వచ్చింది.

"ప్రతి కోడికీ ఒకటే ప్రాణం," అన్నారు పరాంకుశం గారు పాలకేంద్రం అరుగెక్కి. "ఆ ఒక్క ప్రాణం కోసం అనేక ప్రమాదాలు పోటీ పడుచుండును. కొక్కెర తెగులు, పిల్లి, ముంగిస, గద్ద, కుక్క, మోటారు వాహనం, కూర, వార్ధక్యం. ఏది ముందు చేరితే కోడి దానిది. తక్కినవన్నీ ఓడినట్టు. ఈ పోటీని నిష్పాక్షికంగా నిర్వహించడమే మన పథకం."

"వార్ధక్యం అంటే ఏంది సార్?"

"ముసలితనం."

జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ముసలితనంతో చచ్చిన కోడిని ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

"అది గెలవదులే సార్, కొట్టేయండి," అంది పేరమ్మవ్వ. ఆ వీధిలో అందరికంటే పెద్దది ఆమె.

"కొట్టివేయు అధికారం నాకు లేదు. ఇక నియమాలు. రాత్రిళ్లు కోళ్లను గంప కింద కమ్మరాదు."

"పిల్లొస్తే?"

"రానివ్వాలి."

"అదిలించబాకమంటారా?"

"అదిలించినచో మీరు తక్కిన ప్రమాదాల పక్షం వహించినట్టగును."

"మరి చూస్తా ఊరుకోమంటారా సార్?"

"ఊరుకోరాదు. పూర్తిగా చూసి, మాకు తెలియపరచాలి."

ఓబులేసుకు నోరు ఆగదు. లేచి నిలబడ్డాడు. "కూర కూడా పోటీలో ఉందన్నారు గదా సార్. ఆ పందెంలో మేం దిగొచ్చా?"

"కూర గుర్తింపు పొందిన ప్రమాదమే. కనుక అది సంభవించుటకు అవకాశం ఉండవలెను. సంభవించరాదు."

అర్థమైనట్టు అందరూ తలలూపారు. ఆ ఆదివారానికే ఊళ్లో కొన్ని ఇళ్లలో మసాలా నూరిన చప్పుడు వినబడింది.

విచారణకొచ్చినప్పుడు చాలామంది పిల్లి అన్నారు. నిజానికి జిల్లెళ్లదొడ్డిలో ఉన్నది ఒకటే పిల్లి. పాలకేంద్రం దగ్గర ఒలికిన పాలు నాకి, గోనెసంచి మీద పడుకుని, ఎలక ఎదురొస్తే దారిచ్చే రకం. పరాంకుశం గారు దాన్ని నాలుగు పక్కలా ఫోటోలు తీయించారు. "చూపులకు అమాయకంగా ఉంది. ఇటువంటివే ప్రమాదకరం," అన్నారు. కొంతమంది, అందరూ ఒకటే చెబితే బాగుండదని, ముంగిస అన్నారు. పేరమ్మవ్వా, ఆమె ఈడువాళ్లూ మాత్రం దాచలేదు.

"కూరొండుకున్నాం నాయనా. కాస్త ఉప్పెక్కువైంది గానీ బాగుంది."

ఇంకా బతికి తిరుగుతున్న కోళ్లను చూస్తే పరాంకుశం గారికి దిగులు. వాటిని ఆయన అసంపూర్ణాలు అనేవారు. "బతికున్న కోడి అసంపూర్ణ సమాచారం. చచ్చినప్పుడే పూర్తి అగును," అని వివరించి, గింజలేరుకుంటున్న పెట్టల వంక, ఇంకెంతసేపు అన్నట్టు చూసేవారు.

ఇట్లా సాగుతుండగా ఒకనాటి మధ్యాహ్నం మాలకొండయ్య ఎర్ర పెట్ట కనపడకుండా పోయింది. రెండిళ్ల మధ్య గోడవార గుప్పెడు ఈకలు పడి ఉన్నాయి. అంతే.

పరాంకుశం గారు జీపు దిగి ఈకల చుట్టూ సున్నంతో గీత గీయించారు.

"కారణం?"

"తెలీదు సార్," అన్నాడు మాలకొండయ్య.

"పిల్లియా?"

"తెలీదు సార్."

"పోనీ, మీ అభిప్రాయం?"

మాలకొండయ్య ఆలోచించాడు. అతను చూడనిదాన్ని చూశానని చెప్పే మనిషి కాదు. "తెలీదు సార్," అన్నాడు మళ్లీ.

భార్య అంకమ్మ వెనకనుంచి మోచేత్తో పొడిచింది. "పిల్లి అని పడెయ్యగూడదా? ఊరంతా అంటున్నారుగా. పిల్లేమన్నా వచ్చి కాదంటదా?"

పరాంకుశం గారు మాత్రం సంతోషించారు. "చావు ఉంది, కారణం లేదు! ఇటువంటి కేసు కోసమే కేంద్రం ఎదురుచూస్తున్నది. కారణం తెలియనిచోట అంచనా వేయుదుము. ఊళ్లో తెలిసిన చావులు ఏ దామాషాలో జరిగినవో, సదరు కోడి చావును అదే దామాషాలో పంచుదుము."

వారం తిరిగేసరికి అంచనా వచ్చింది. ఎర్ర పెట్ట పది పాళ్లలో నాలుగు పాళ్లు పిల్లి వల్లా, మూడు పాళ్లు ముంగిస వల్లా, మూడు పాళ్లు కూర వల్లా చచ్చిపోయింది. పిల్లికీ ముంగిసకూ నోటీసు ఇచ్చే వీల్లేదు గనక వాటిని వదిలేశారు. కూరను మాత్రం ఎవరో ఒకరు వండాలి కదా. కోడి గలవాడు సమాచారం ఇచ్చినవాడు గనక అతనికి మినహాయింపు. నియమం ప్రకారం ఈకలకు అతి దగ్గర్లో ఉన్న రెండో పొయ్యి ఎవరిదని కొలిచారు. ఓబులేసుది.

తెల్లారేసరికి ఓబులేసు తలుపు మీద కాయితం అంటించి ఉంది. సదరు కోడిలో మూడు పాళ్లు ఈ గృహమందు భుజింపబడినట్లు అంచనా వేయడమైనది అని.

ఓబులేసు అరుపు పాలకేంద్రం దాకా వినబడింది. "తింటే కోడినంతా తింటా! మూడు పాళ్లు తిని నాలుగు పాళ్లు పిల్లికి పెట్టి, మూడు పాళ్లు ముంగిసను పిలిచి వడ్డించే ఇంటోణ్ణా నేను? ఏం బావా, నీకంటికి అట్లా కనబడుతున్నానా?"

"నేననలేదు బావా," అన్నాడు మాలకొండయ్య.

"అననూ లేదు, కాదననూ లేదు! తెలీదన్నావంట! నీ చెల్లెలి మొగుడు దొంగో కాదో తెలీదా నీకు?"

గోడమీదుగా చెంచులక్ష్మి తల కనపడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ పూట మా ఇంట్లో ఎండుచేపల పులుసన్నా. నువ్వూ వాసన పీల్చావు. ఆ ముక్క చెప్పడానికి కూడా నీకు నోరు పెగల్లేదా?"

ఎండుచేపల సంగతి మాలకొండయ్యను ఎవరూ అడగలేదు.

"వచ్చే నెల ఆదివారం పాపకు చెవులు కుట్టిస్తున్నాం," అన్నాడు ఓబులేసు, ఊరందరికీ వినపడేట్టు. "ఆ కాయితం నా తలుపు మీద ఉన్నంతకాలం ఈ మేనమామ నా గడప తొక్కేది లేదు. వరసకు మేనమామలు ఈ ఊళ్లో లేరేమో గానీ కందుకూరులో బోలెడుమంది. ఎవర్నో ఒకణ్ణి పిలిపించి వాడి ఒళ్లో కూర్చోబెడతా."

ఆ మాట మాలకొండయ్యకు తగలాల్సిన చోటే తగిలింది. అతనికి పిల్లల్లేరు. మేనకోడలు హన్విక పుట్టిన రోజు నుంచీ, దాని చెవులు కుట్టేది తన ఒళ్లోనే గదా అని లోపల్లోపల ఒక లెక్క పెట్టుకుని ఉన్నాడు. ఒంగోలు వెళ్లినప్పుడు చెవులకు చిన్న బంగారు రింగులు కూడా కొనుక్కొచ్చి, బియ్యం డబ్బాలో దాచిపెట్టాడు. ఆ సంగతి అంకమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పాప రోజూ గోడ సందులోంచి "మామా" అని పిలిచేది. ఆ రోజు నుంచీ ఆ సందుకు ఒక తట్ట అడ్డం పెట్టారు.

మామూలు రోజులైతే ఆ వీధిలో ఎవరో ఒకరు, పెట్ట యాడన్నా దొంగతనంగా పొదుగు కూర్చుందేమో చూడండ్రా అని ఉండేవాళ్లు. కానీ కేంద్రం అంచనా వేశాక ఇంక వెతికేది ఏముంది?

మాలకొండయ్య బస్సెక్కి మేడకు వెళ్లాడు.

"ఆ కాయితం తీసెయ్యండి సార్."

"అంచనాను తీసివేయుట ఉండదు. మెరుగుపరచుట ఉండును. అదనపు సమాచారం ఉన్నచో తెలపండి."

మాలకొండయ్య చొక్కా చివర నలుపుకుంటూ, "కోణ్ణి నేనే తిన్నా సార్," అన్నాడు.

పరాంకుశం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "పూర్తిగానా?"

"పూర్తిగా."

"ఎముకలు?"

"అవి కూడా."

"మీరు మునుపు తెలియదంటిరి. ఇప్పుడు తింటిననుచున్నారు. రెండూ సమాచారమే. ఒకటి ఉంచి ఒకటి పారవేయుట శాస్త్రం కాదు." ఆయన ఏదో కూడి, ఏదో భాగించి, చివరకు మాలకొండయ్య ఒక కాలు తిన్నట్టు ఒప్పుకున్నారు. "మీ మాటకు అంతకుమించి బరువు ఇవ్వలేను."

ఈ కబురు వీధిలోకి వచ్చింది. పాపం మాలకొండయ్య ఒంటికాలితో నలుగుతున్నాడు, మనం కూడా ఓ చెయ్యి వేస్తే ఓబులేసు వాటా తగ్గిద్దిలే అని ఇరుగుపొరుగువాళ్లు అనుకున్నారు. మర్నాడు పాలకేంద్రం దగ్గర జీపు ఆగగానే చుట్టూ మూగారు.

"ఒక కాలు నేను తిన్నా సార్," అంది పేరమ్మవ్వ.

"నేనొక కాలు."

"నాకు కాలు పడదు సార్, కార్జం రాసుకోండి."

"మా ఇంట్లో ఇద్దరం, రెండు కాళ్లు."

పరాంకుశం గారు చెమటలు కారుతున్నా ఒక్కరి మాట కూడా పోనివ్వకుండా రాసుకున్నారు. రాత్రంతా కూర్చుని లెక్క కట్టారు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఎర్ర పెట్టకు ఏడు కాళ్లు, మూడు కార్జాలు ఉన్నట్టు తేలింది.

పై కార్యాలయం పులకించిపోయింది. ఇంతటి అరుదైన జాతి తమ హయాంలో బయటపడటం గర్వకారణమనీ, సదరు జాతి గుడ్లు వెంటనే పంపవలసిందనీ జాబు వచ్చింది. ఓబులేసు తలుపు మీద పాత కాయితం మీద కొత్త కాయితం పడింది. కోడి పరిమాణం పెరిగింది గనక అందులో మూడు పాళ్లు కూడా ఆ మేరకు పెరిగాయి. ఈ లెక్కన ఓబులేసు తిన్నది ఒక మామూలు కోడికి కాస్త తక్కువ.

"బావ దయవల్ల ఇప్పుడు కోణ్ణంతా తిన్నోణ్ణయ్యా," అన్నాడు ఓబులేసు అరుగు మీద కూర్చుని. ఈసారి అరవలేదు. అరవడానికి కూడా ఓపిక లేదు. "ఇంకొంచెం సాయం చేయమను. పొట్టేలు దాకా వచ్చిద్ది."

చెవులు కుట్టే ఆదివారానికి ముందురోజు పొద్దున, చెంచులక్ష్మి పశువుల కోసం పాత చొప్ప వామి లాగింది. నాలుగు కట్టలు లాగేసరికి లోపల్నుంచి కొక్కొక్కో అని తిడుతూ ఒక పెట్ట బయటికొచ్చింది. ఎర్రది. రొమ్ము మీద ఈకలు సరిగ్గా లేవు. కాలికి రేకు కడియం. వెనకాల బిలబిల్లాడుతూ పిల్లలు.

చెంచులక్ష్మి గోడ సందుకు అడ్డం పెట్టిన తట్టను ఒక్క తన్ను తన్నింది. "అన్నా! ఓ అన్నా! కోడి! నీ కోడి మా వామిలో పొదుగు కూర్చుందన్నా!"

మాలకొండయ్య వచ్చి చూశాడు. పెట్ట కాళ్లు చూశాడు. రెండే ఉన్నాయి. ఓబులేసు వచ్చి చూశాడు. బావాబావమరుదులిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా కోడినే చూస్తూ నిలబడ్డారు.

"అయితే ఇంకేం," అంది అంకమ్మ. "తలుపు మీద కాయితాలు పీకెయ్యండి."

"నేను పీకితే నేరమంట అక్కా. అంటించినోడే పీకాల," అన్నాడు ఓబులేసు. "ఆయన్నే పీకమనండి. అప్పుడే బావ నా గడప తొక్కేది. నేనన్న మాటంటే మాటే."

కబురందుకుని పరాంకుశం గారు వచ్చారు. కోణ్ణి చూసి ఆయన మొహం పాలిపోయింది.

"ఇది చచ్చిపోయినది."

"చావలేదు సార్. తిరుగుతా ఉంది."

"అది దాని అభిప్రాయం. దీని చావు అంచనా అయి, ఆమోదమై, అచ్చయి, పైవారి ముందు చదవబడినది. ఏడు కాళ్లకు అభినందన సభ కూడా ఖాయమైనది. ఇప్పుడు ఇది బతికున్నదంటే పది పాళ్లూ ఎక్కడికి పోవలెను?" ఆయన సున్నపు గీత చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఆగారు. "ఒకటే మార్గం. వాస్తవం అంచనాకు భిన్నంగా ఉన్నచో వాస్తవాన్ని సరిచేయవలెను. రేపు అంచనా అమలు. సదరు కోడిని పది పాళ్లు చేసి, నాలుగు పాళ్లు పిల్లికి, మూడు పాళ్లు ముంగిసకు, మూడు పాళ్లు ఓబులేసుకు నా సమక్షంలో తినిపించుదుము."

"పిల్లలతల్లి సార్!" అంది చెంచులక్ష్మి.

"పిల్లలు అంచనాలో లేరు. వారితో మాకు పనిలేదు."

"ముంగిసను యాడ తెస్తారు సార్?"

"దానికి వేరే టెండరు పిలిచితిమి," అన్నారు పరాంకుశం గారు. జీపెక్కారు.

ఆదివారం ఓబులేసు వాకిట్లో పందిరి వేశారు. కంసాలి ఆచారి సూదీ తీగా సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ముహూర్తం మధ్యాహ్నం. కందుకూరు నుంచి వరసకు మేనమామ ఒకడు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. వాణ్ణి చూసినప్పటినుంచీ పాప ఏడుపు ఎత్తుకుంది. మాలకొండయ్య తన వాకిట్లో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. జేబులో రింగులు. అతను పొద్దున్నే లేచి ఒక పని చేశాడు. నియమం సంగతి తెలిసే చేశాడు. పెట్టనూ పిల్లల్నీ పట్టి గంప కింద కమ్మి, గంప మీద రాయి పెట్టి, రాయి మీద తన తువ్వాలు ఆరేశాడు.

జీపు వచ్చింది. జీపులో పిల్లి ఉంది. ముంగిస ఇంకా దారిలో ఉందన్నారు.

"కోడి ఏదీ?" అన్నారు పరాంకుశం గారు దిగుతూనే.

"ముందు భోంచెయ్యండి సార్," అంది చెంచులక్ష్మి. "శుభకార్యం ఇంటికొచ్చి తినకుండా పోతే మా పాపకు మంచిది కాదు."

పరాంకుశం గారు వద్దన్నారు. కానీ మసాలా వాసన వస్తూ ఉంది. ఆయనకూ పొద్దున్నుంచి ఏమీ లేదు. గోడవారనే అరిటాకు వేశారు. పట్నం నుంచి తెచ్చిన బాయిలరు కోళ్ల కూర గిన్నెతో దించారు. ఒక గరిటె వేసి, ఇంకో గరిటె అని వేసి, కాలు వేసి, ఇంకో కాలు వేసింది చెంచులక్ష్మి. ఆయన వేళ్లు నాక్కుని, తృప్తిగా నిట్టూర్చి, అప్పుడు విధి గుర్తొచ్చి తల ఎత్తారు.

"ఏదీ సదరు కోడి?"

వాకిలంతా మాలకొండయ్య వంక చూసింది.

మాలకొండయ్య జీవితంలో రెండోసారి అబద్ధమాడాడు. "తెలీదు సార్."

"తెలియదా? నిన్న ఉన్నది కదా!"

"నిన్న ఉంది. ఇయ్యాల కనపడలేదు."

పరాంకుశం గారు చుట్టూ చూశారు. గోడవార నేల మీద ఎప్పుడో రాలిన ఎర్ర ఈకలు. ఈకల పక్కన అరిటాకు. అరిటాకు ముందు ఆయన. ఆయన చేతిలో ఎముక.

"కారణం తెలియదు," అన్నారు మెల్లగా. "ఈకలు ఉన్నవి. కూర ఉన్నది." ఎముకను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. "ఈకలకు అతి దగ్గర్లో ఉన్నది…" ఆగిపోయారు. ఎంతైనా నియమం తప్పే మనిషి కాదు ఆయన. "నేనే."

"అయ్యో, మీరా సార్!" అన్నాడు ఓబులేసు. "అయినా ఎన్ని పాళ్లంటారు?"

"నేను రెండుసార్లు వడ్డింపించుకుంటిని." ఆయన కళ్లు మూసుకుని లెక్క కట్టారు. "మీ మూడు పాళ్లూ నాకు బదిలీ. ముంగిస హాజరు కాలేదు గనక దాని మూడు పాళ్లు కూడా నాకే." జీపులో పిల్లి నిద్రపోతోంది. "పిల్లి నాలుగు పాళ్లు మాత్రం యథాతథం."

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, ఓబులేసు తలుపు దగ్గరికి నడిచి, రెండు కాయితాలనూ గోటితో గీకి గీకి జాగ్రత్తగా ఊడదీశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. తన మేడ తలుపుకు అంటించుకోవడానికి.

తలుపు మీద జిగురు మరక మాత్రం మిగిలింది. ఓబులేసు ఆ మరకను చూసి, వాకిట్లోకి వచ్చి, గోడవతలికి చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఏం బావా, ముహూర్తం దాటిపోతా ఉంటే ఆడనే నిలబడ్డావేంది? నిన్ను మళ్లీ బొట్టు పెట్టి పిలవాలా?"

మాలకొండయ్య గడప దాటాడు. కందుకూరు మేనమామ లేచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, పప్పు గరిటె అందుకున్నాడు. పాప ఏడుస్తూనే మామ ఒళ్లోకి పాకింది. ఆచారి సూది తీశాడు.

సరిగ్గా అప్పుడే గోడవతల తువ్వాలు కింద నుంచి కియ్ కియ్ మని వినబడింది.

జీపు మెట్టు మీద కాలు పెట్టిన పరాంకుశం గారు ఆగారు. "ఏమిటా శబ్దం?"

చెంచులక్ష్మి అన్న వంక చూసింది. మాలకొండయ్య ఆచారి వంక చూశాడు. ఆచారి ఇంకేం ఆలోచించకుండా సూది గుచ్చాడు.

పాప పెట్టిన కేకకు జీపులో పిల్లి కూడా లేచి కూర్చుంది. ఆ కేక కింద కోడిపిల్లలు ఎంత అరిచినా ఎవరికీ వినబడలేదు. మాలకొండయ్య పాప చెవికి బంగారు రింగు పెట్టి, కళ్లు తుడిచి, ఇంకో చెవి ఇటు తిప్పాడు.

"ఏడువమ్మా," అన్నాడు మెల్లగా. "జీపు పోయిందాకా ఏడువు."